గోల్డ్‌స్టార్ అనే పేరు ఎక్కడిది? బండికి సైలెన్సర్ మార్చేముందు కాస్త చరిత్ర



ఇన్నాళ్ళూ శాసనాలు, చెరువులు, వలస వచ్చిన కుటుంబాల కథలు రాస్తూ వచ్చాను. ఈసారి విషయం బండి సైలెన్సర్. కంపెనీ ఇచ్చింది తీసేసి బయట అంగట్లో దొరికేది వేయించుకోవాలంటే ఏది మంచిదని మన కుర్రవాళ్ళు ముగ్గురు నలుగురు అడిగారు. ఇది మెకానిక్కును అడగాల్సిన ప్రశ్న కదా, చరిత్ర రాసేవాణ్ణి అడిగితే ఏం వస్తుంది అని మీరు అనుకోవచ్చు. అయితే అంగట్లో వేలాడే సైలెన్సర్ల పేర్లు చూడండి. గోల్డ్‌స్టార్, మెగాఫోన్, షార్ట్ బాటిల్, పంజాబ్ సైలెన్సర్. ఇవి ఊరికే పెట్టిన పేర్లు కావు. ముఖ్యంగా ఆ మొదటి పేరు వెనక ఉన్న సంగతి తెలిస్తే ఏది కొనాలి, అసలు కొనాలా అనే ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది.

ఇంకో కారణం కూడా ఉంది. మన దేశపు మోటారుసైకిల్ చరిత్రలో పెద్ద పేరున్న మూడు ఫ్యాక్టరీలు మనవాళ్ళు తరతరాలుగా ఉంటున్న ఊళ్ళలోనే వెలిశాయి. ఒకటి తిరువొత్తియూరు, రెండు మైసూరు, మూడు మన హోసూరు. మన ఇళ్ళలో ఎవరో ఒకరు ఈ బండ్లు నడిపినవాళ్ళో, బాగుచేసినవాళ్ళో ఉంటారు. కాబట్టి ఇది మన ఊళ్ళ చరిత్ర కూడా.

పక్కింటివాళ్ళ గొడవతో పుట్టిన నియమం

గోల్డ్‌స్టార్ అనే పేరు పుట్టింది ఇంగ్లండులో, బ్రూక్‌లాండ్స్ అనే చోట. అందుకని ముందు అక్కడికి వెళ్దాం.

లండనుకు నైరుతిగా సర్రే జిల్లాలో 1907లో ఒక పందెపు బాట కట్టారు. మోటారు బండ్ల పందేల కోసమే ప్రత్యేకంగా కాంక్రీటుతో కట్టిన బాట అది. చుట్టూ రెండు ముప్పావు మైళ్ళకు పైనే ఉండేది. మలుపుల దగ్గర గోడలా పైకి లేచి ఉండేది. అది తెరిచిన నెలలోనే ఎస్.ఎఫ్. ఎడ్జ్ అనే ఆయన రాత్రీ పగలూ కలిపి 24 గంటలు ఆపకుండా కారు నడిపి రికార్డు పెట్టాడు. ఆ రాత్రి చుట్టుపక్కల ఎవరికీ నిద్ర లేదు. వాళ్ళు గట్టిగా అభ్యంతరం చెప్పడంతో అక్కడ రాత్రిపూట పందేలు ఆపేశారు. అందుకే 1929లో మళ్ళీ 24 గంటల పందెం పెట్టాలనుకున్నప్పుడు దాన్ని పగలు 12 గంటలు, మర్నాడు పగలు 12 గంటలుగా విడగొట్టాల్సి వచ్చింది.

పగటి మోత మాత్రం తగ్గలేదు. చుట్టుపక్కలవాళ్ళు 1924లో కోర్టుకు వెళ్ళారు. దాని ఫలితంగా బ్రూక్‌లాండ్స్‌లో పరుగెత్తే ప్రతి బండికీ ఒక పెద్ద సైలెన్సర్ తప్పనిసరి అయింది. లోపల ఎంత ఖాళీ ఉండాలి, దానిలోకి పైపు ఎలా దిగాలి, వెనక తోక ఎలా ఉండాలి అని కొలతలతో సహా నియమం రాశారు. పెద్ద డబ్బాలా ఉండేది కాబట్టి దానికి 'బ్రూక్‌లాండ్స్ క్యాన్' అని పేరు పడింది. చివర చేపతోకలా వెడల్పుగా ఉండేది. అందంగా ఉండేది కాదు. పందెగాళ్ళు తిట్టుకున్నారు. తిట్టుకుంటూనే తగిలించుకుని నడిపారు.

ఆ బాట మీద మోటారుసైకిల్ పందెంలో గంటకు 100 మైళ్ళకు మించిన వేగంతో ఒక చుట్టు పూర్తిచేసినవాడికి చొక్కాకు పెట్టుకునే చిన్న బంగారు నక్షత్రం ఇచ్చేవాళ్ళు. అదే గోల్డ్ స్టార్. 1937 జూన్ 30న వాల్ హ్యాండ్లీ అనే పేరున్న పందెగాడు బీఎస్ఏ కంపెనీ 500 సీసీ ఎంపైర్ స్టార్ బండి మీద ఆ నక్షత్రం సంపాదించాడు. బీఎస్ఏ వాళ్ళు సంతోషం పట్టలేక మరుసటి ఏడాది 1938లో తెచ్చిన కొత్త బండికి గోల్డ్ స్టార్ అనే పేరు పెట్టారు. యుద్ధం తర్వాత ఆ బండి ఇంగ్లండులో కుర్రకారు కలల బండి అయింది. 1950ల్లో దానికి వేసిన సైలెన్సర్ ఆకారం, యాక్సిలరేటర్ వదిలినప్పుడు దానిలోంచి వచ్చే కిచకిచమనే శబ్దం ఎంతో పేరు తెచ్చుకున్నాయి. 1963లో బండి తయారీ ఆగిపోయింది. సైలెన్సర్ ఆకారమూ పేరూ మిగిలాయి. అవే ఈరోజు మన బుల్లెట్లకు అమ్ముతున్నారు.

ఇప్పుడు అసలు సంగతి. హ్యాండ్లీ ఆ నక్షత్రం గెలిచిన 1937లో కూడా బ్రూక్‌లాండ్స్‌లో సైలెన్సర్ నియమం అమల్లోనే ఉంది. అంటే ఈరోజు వీధి దద్దరిల్లడానికి మనవాళ్ళు కొనే సరుకు మీద ఉన్న పేరు, పక్కింటివాళ్ళ నిద్ర కోసం నోరు నొక్కిన బాట మీద 100 మైళ్ళ వేగం దాటి సంపాదించిన పేరు. వేగం వేరు, మోత వేరు. ఈ మాట నేను చెప్పడం కాదు, ఆ పేరే చెబుతోంది.

తిరువొత్తియూరు: దబ్ దబ్ ఎక్కడినుంచి వచ్చింది

త్యాగరాజస్వామి అమ్మవారి మీద తెలుగులో పంచరత్నాలు పాడిన ఊరు తిరువొత్తియూరు. మద్రాసుకు ఉత్తరాన సముద్రం ఒడ్డున ఉంది. ఇంగ్లండులోని రెడ్డిచ్‌లో ఉన్న రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీ, మన మద్రాస్ మోటార్స్ కలిసి 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టాయి. మొదట సైన్యానికీ పోలీసులకూ బుల్లెట్ 350 బండ్లు అందించడం కోసం మొదలైన పని అది. 1970 ప్రాంతంలో ఇంగ్లండులో ఆ కంపెనీ మూతపడింది. తిరువొత్తియూరులో మాత్రం బండి ఆగలేదు.

బుల్లెట్ శబ్దం అంటే చాలామందికి సైలెన్సర్ గుర్తొస్తుంది. నిజానికి ఆ శబ్దపు నడక ఇంజనుది. పాత బుల్లెట్ సిలిండరు లోపలి వెడల్పు 70 మిల్లీమీటర్లు, పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం 90 మిల్లీమీటర్లు. వెడల్పు తక్కువ, ఎత్తు ఎక్కువ. లోపల బరువైన ఫ్లైవీల్ ఉంటుంది. ఒకే సిలిండరు, పైగా ఫోర్ స్ట్రోక్ కాబట్టి ఇంజను రెండు చుట్లు తిరిగితే ఒకసారి మండుతుంది. నిమిషానికి 900 చుట్లతో నిలబడి ఉన్న బండిలో సెకనుకు ఏడెనిమిది దెబ్బలే పడతాయి. మన చెవి ఆ దెబ్బలను విడివిడిగా పట్టుకోగలుగుతుంది. అదే దబ్ దబ్. సైలెన్సర్ ఆ దెబ్బల మధ్య దూరాన్ని మార్చలేదు. వాటి గొంతును మాత్రం మార్చగలదు. మెత్తగా చేస్తుంది, లేకపోతే బొంగురుగా చేస్తుంది, లేకపోతే అరిపిస్తుంది.

2009 ప్రాంతంలో పాత పోత ఇనుము ఇంజను పోయి కొత్త ఇంజను వచ్చినప్పుడూ, 2021లో క్లాసిక్‌కు ఇంకో కొత్త ఇంజను వచ్చినప్పుడూ ఒకటే ఫిర్యాదు వినిపించింది. పాత గొంతు పోయింది అని. ఆ పోయిన గొంతును డబ్బు పెట్టి తెచ్చుకోవచ్చనే ఆశ మీదే సైలెన్సర్ అంగళ్ళ వ్యాపారం పెరిగింది. కానీ తండ్రి గొంతు కావాలని కొడుకు మైకు కొన్నట్టు ఉంటుంది అది. గొంతు పెద్దదవుతుంది, తండ్రిది మాత్రం అవదు.

మైసూరు: రెండు సైలెన్సర్ల బండి

ఇక మైసూరు. ఇరానీ కుటుంబం వాళ్ళు చెకొస్లొవాకియా జావా కంపెనీ లైసెన్సుతో ఐడియల్ జావా ఫ్యాక్టరీ పెట్టారు. 1961లో జయచామరాజ ఒడెయరు దాన్ని ప్రారంభించారు. తర్వాత 1970ల్లో అదే బండి యెజ్దీ అయింది. 1996లో ఫ్యాక్టరీ మూతపడింది. మైసూరులో ఇప్పటికీ జావా, యెజ్దీలను ఇంట్లో మనిషిలా చూసుకునేవాళ్ళు ఉన్నారు.

సిలిండరు ఒకటే అయినా ఆ బండికి అటూ ఇటూ రెండు సైలెన్సర్లు ఉంటాయి. సిలిండరు నుంచి పొగ బయటికి రావడానికి రెండు దారులు పెట్టారు కాబట్టి రెండు పైపులు. చాలామంది అది అందం కోసమే అనుకుంటారు.

ఇది టూ స్ట్రోక్ బండి. పెట్రోలులో ఆయిల్ కలిపి పోయాలి. ఆ ఆయిల్ పూర్తిగా కాలక పైపులోనూ సైలెన్సర్ లోపలి బాఫిల్‌లోనూ నల్లగా గట్టిగా పేరుకుంటుంది. కొంతకాలానికి బండి పైకి ఎక్కదు, ఊపిరాడనట్టు కొట్టుకుంటుంది. అప్పుడు వెనకనుంచి బాఫిల్ ఊడదీసి మంటలో కాల్చడమో కాస్టిక్ సోడాలో నానబెట్టడమో చేసి గీకి మళ్ళీ పెట్టేవాళ్ళు. ఆ రోజుల్లో ప్రతి టూ స్ట్రోక్ మెకానిక్కూ చేసిన పని ఇది. ఇక్కడే ఒక అలవాటు పుట్టింది. శుభ్రం చేయడానికి తీసిన బాఫిల్‌ను కొందరు మళ్ళీ పెట్టలేదు. మోత పెరిగింది. మూసుకుపోయిన పైపు తెరుచుకుంది కాబట్టి బండి చురుగ్గా కూడా అనిపించింది. శుభ్రం చేయడం వల్ల వచ్చిన మేలును బాఫిల్ తీసేయడం వల్ల వచ్చిందని జనం అనుకున్నారు. మోత పెరిగితే జోరు పెరుగుతుందనే నమ్మకానికి మన దగ్గర ఉన్న గట్టి పునాదుల్లో ఇదొకటి.

జర్మనీ నుంచి జపాను, జపాను నుంచి హోసూరు

టూ స్ట్రోక్‌లో పొగ గొట్టం అంటే పొగ పోయే దారి మాత్రమే కాదని, అది ఇంజనులో ఒక భాగమని లోకానికి గట్టిగా చూపించినవాడు వాల్టర్ కాడెన్. తూర్పు జర్మనీలో ఎంజెడ్ కంపెనీ ఇంజనీరు. 1950ల్లో ఆయన చేసిన పని వివరంగా చెప్పాలి, ఎందుకంటే సైలెన్సర్ ఎంపికలో అసలు కీలకం ఇదే.

సిలిండరు నుంచి పొగ బయటికి వచ్చేటప్పుడు ఒక ఒత్తిడి అల పైపులో పరుగెత్తుతుంది. పైపు క్రమంగా వెడల్పు అయ్యే చోట ఆ అల లోపలికి లాగే బలంగా వెనక్కి వస్తుంది. మిగిలిన పొగను బయటికి పీలుస్తుంది. దానితో పాటు కొంచెం తాజా పెట్రోలు గాలి కూడా పైపులోకి జారిపోతుంది. ఆ తర్వాత పైపు మళ్ళీ సన్నబడే చోట తగిలిన అల ఈసారి నెట్టే బలంగా తిరిగొస్తుంది. జారిపోయిన తాజా గాలిని మళ్ళీ సిలిండరులోకి తోస్తుంది. ఈ రెండూ సరిగ్గా సమయానికి జరగాలంటే పైపు పొడవు, ఉబ్బు, వాలు అన్నీ ఆ ఇంజనుకు తగ్గట్టు లెక్కగా ఉండాలి. కాడెన్ ఈ పైపుతో పాటు రోటరీ వాల్వు వంటి మార్పులు కూడా చేసి 1961 నాటికి 125 సీసీ ఇంజను నుంచి 25 హార్స్ పవర్ తీశాడు. పోల్చి చూడండి. మన మైసూరు జావా 250 సీసీ. దాని బలం సుమారు 12 హార్స్ పవర్.

1961 సెప్టెంబరులో స్వీడన్ పందెం సమయంలో ఎంజెడ్ పందెగాడు ఎర్నస్ట్ డెగ్నర్ తూర్పు జర్మనీ వదిలి పారిపోయాడు. ఆ విద్య మోసుకుని జపానులో సుజుకీ కంపెనీకి చేరాడు. మరుసటి ఏడాది 1962లోనే సుజుకీ బండి మీద 50 సీసీ ప్రపంచ టైటిల్ గెలిచాడు. టూ స్ట్రోక్ పైపు విద్య జపాను కంపెనీల చేతికి వచ్చిన కథ ఇది.

ఆ సుజుకీయే తర్వాత మన ఊరికి వచ్చింది. హోసూరులో టీవీఎస్ వాళ్ళు 1980లో టీవీఎస్ 50 మోపెడ్ తెచ్చారు. సుజుకీతో కలిసి 1984లో ఇండ్-సుజుకీ ఏఎక్స్ 100 తెచ్చారు. 1985 చివర ఎస్కార్ట్స్ వాళ్ళ యమహా ఆర్ఎక్స్ 100 వచ్చింది. 98 సీసీ ఇంజను, 11 హార్స్ పవర్. 250 సీసీ జావాకు దాదాపు సమానమైన బలం 100 సీసీలో వచ్చేసింది. 1990ల్లో మళ్ళీ మన హోసూరు నుంచే షోగన్ వచ్చింది. దాని గొంతు విన్నవాళ్ళు మరిచిపోరు.

ఈ బండ్లకు కూడా బాఫిల్ తీసేయడం, కమ్మరి దగ్గర రేకు చుట్టించి సొంతంగా ఉబ్బు పైపు చేయించడం సాగింది. లెక్క తెలిసిన చేతిలో అది పని చేసింది. లెక్క లేకుండా ఆకారం చూసి చేసినచోట పై వేగంలో కొంచెం అరుపు వచ్చి, కింది వేగంలో లాగే శక్తి పోయింది. ఇద్దరు కూర్చుని రాయకోట దారిలో ఎత్తు ఎక్కేటప్పుడు ఆ తేడా తెలిసేది.

అంగడి సైలెన్సర్ అసలు ఎందుకు పుట్టింది

బయట తయారైన సైలెన్సర్ వ్యాపారానికి గౌరవమైన చరిత్రే ఉంది. దాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. జపానులో హిదెయో యోషిమురా 1954లో చిన్న షెడ్డు పెట్టి అక్కడి అమెరికా సైనికుల బండ్లకు పదును పెట్టేవాడు. 1969లో హోండా సీబీ 750 నాలుగు సిలిండర్లతో, నాలుగు బరువైన పైపులతో వచ్చింది. 1971లో యోషిమురా ఆ నాలుగింటినీ ఒకే పైపులో కలిపి అమెరికా పందెంలో దించాడు. బరువు తగ్గింది, ఒక సిలిండరు అల ఇంకో సిలిండరుకు సాయపడింది. ఆ తర్వాత 1990లో స్లొవేనియాలో ఇగోర్ అక్రపోవిచ్ అనే మాజీ పందెగాడు తనకు నచ్చిన పైపులు అంగట్లో దొరక్క తానే చేయడం మొదలుపెట్టాడు. ఆ కంపెనీ టైటానియం పైపులు ఈరోజు ప్రపంచమంతా పేరు పొందాయి.

వీళ్ళిద్దరూ చూసింది గడియారాన్నీ తక్కెడనూ. చుట్టుకు ఎన్ని సెకన్లు తగ్గాయి, బండికి ఎన్ని కిలోలు తగ్గాయి. మనం అదే పేర్లు కొని చెవితో కొలుస్తున్నాం. పైగా ఆ కంపెనీల పేరు చెక్కిన నకిలీ సరుకు అసలు ధరలో పదోవంతుకు దొరుకుతోంది. దాని లోపల లెక్కా లేదు, పరీక్షా లేదు. ఒక చిల్లుల గొట్టం, దాని చుట్టూ కాస్త గ్లాస్ వూల్, పైన పేరు.

చట్టం, గాలి, చెవి

మన దేశంలో 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 120వ నిబంధన ప్రతి బండికీ సైలెన్సర్ ఉండాలంటుంది. తయారీ దశలో శబ్దానికి హద్దులు కూడా ఉన్నాయి. 80 సీసీ వరకు 75 డెసిబెల్, 175 సీసీ వరకు 77, ఆపైన 80. ఇది బండి పరుగెత్తేటప్పుడు ఏడున్నర మీటర్ల దూరంలో మైకు పెట్టి కొలిచే లెక్క. మరోపక్క 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఇళ్ళున్న చోట పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు 45 డెసిబెల్ హద్దు.

డెసిబెల్ లెక్క మామూలు కూడిక లాంటిది కాదు. పది పెరిగిందంటే శబ్దశక్తి పదింతలు పెరిగినట్టు. ఇరవై పెరిగితే వందింతలు. చెవికి మాత్రం పది పెరిగినప్పుడు సుమారు రెండింతలుగా వినిపిస్తుంది. కాబట్టి 80 బదులు 100 డెసిబెల్ బండి అంటే ఏదో పాతిక శాతం ఎక్కువ అనుకోకండి. ఖాళీ మైదానంలో దూరం రెట్టింపైతే ఆరు డెసిబెల్ తగ్గుతుంది. రెండు వైపులా గోడలున్న మన పేటల సందుల్లో అంత కూడా తగ్గదు.

పొగ సంగతి ఇంకోటి. పెట్రోలు బండ్ల పొగకు 1991లో మొదటి హద్దులు వచ్చాయి. 1996లో, 2000లో బిగించారు. టూ స్ట్రోక్ మోటారుసైకిళ్ళ కాలం ముగియడానికి ఇదే ముఖ్య కారణం. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 వచ్చింది. ఇప్పటి బండి పైపులో విషవాయువులను మార్చే క్యాటలిటిక్ కన్వర్టర్ ఉంటుంది. ఇంజనుకు పెట్రోలు ఎంత పోయాలో చెప్పే ఆక్సిజన్ సెన్సర్ ఉంటుంది. అంటే కాడెన్ టూ స్ట్రోక్‌కు చెప్పిన మాట ఇప్పుడు మామూలు ఫోర్ స్ట్రోక్ బండికి కూడా ఇంకో రకంగా వర్తిస్తోంది. పైపు ఇంజనులో భాగం.

2019లో రెండు సంగతులు జరిగాయి. జనవరిలో సుప్రీంకోర్టు, తయారీదారు ఇచ్చిన మూల నమూనాకు విరుద్ధంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ మీద తీర్పు ఇచ్చింది. అదే ఏడాది చట్ట సవరణతో 190(2) సెక్షన్ కింద శబ్దం, పొగ హద్దులు దాటితే మొదటి తప్పుకే మూడు నెలల వరకు జైలు గానీ 10,000 రూపాయల వరకు జరిమానా గానీ రెండూ గానీ, పైన మూడు నెలల లైసెన్సు రద్దు అని వచ్చింది. పట్టుకున్న సైలెన్సర్లను నడిరోడ్డు మీద పరిచి రోడ్డు రోలర్‌తో తొక్కించే దృశ్యాలు మీరూ చూసే ఉంటారు.

ఇక ఎంపిక

ఇంత చదివాక కూడా మార్చాలనుకునే తమ్ముళ్ళకు, చరిత్ర నేర్పిన వరుసలో నాలుగు మాటలు.

మొదట మీకేం కావాలో తేల్చుకోండి. పాతది తుప్పు పట్టి పోయిందా? అయితే కంపెనీదే కొత్తది గానీ, అదే నమూనాలో లోపల గదులున్నది గానీ వేయించండి. బరువు తగ్గాలా? అయితే కొనేముందు పాతదీ కొత్తదీ తక్కెడ మీద పెట్టి చూడండి. గొంతు కొంచెం గంభీరంగా ఉంటే చాలా? అయితే పెద్ద మోత అక్కర్లేదు. మంద్రంగా వినిపించడానికి లోపల చోటు ఎక్కువ కావాలి. పొట్టిగా సన్నగా ఉన్న సైలెన్సర్‌లో ఆ చోటు ఉండదు, అది అరుస్తుంది. బ్రూక్‌లాండ్స్ డబ్బా అంత పెద్దగా ఎందుకుందో దీనివల్ల తెలుస్తుంది.

రెండోది, స్లిప్ ఆన్ కావాలా ఫుల్ సిస్టమ్ కావాలా. స్లిప్ ఆన్ అంటే బెండు పైపు అలాగే ఉంచి వెనక డబ్బా మాత్రం మార్చడం. ఫుల్ సిస్టమ్ అంటే ఇంజను దగ్గరనుంచీ అంతా మార్చడం. మీ బండిలో క్యాటలిటిక్ కన్వర్టర్ ఎక్కడుందో ముందు అడిగి తెలుసుకోండి. అది బెండు పైపులో ఉంటే స్లిప్ ఆన్ వేసినా నిలుస్తుంది. వెనక డబ్బాలో ఉంటే డబ్బాతో పాటే పోతుంది. అది పోయిన బండి మంచి గొంతుతో పాడినా పొగ పరీక్షలో నిలబడటం కష్టం.

మూడోది, లోపలి నిర్మాణం. కంపెనీ సైలెన్సర్‌లో గదులూ అడ్డుపలకలూ ఉంటాయి. పొగ అటూ ఇటూ తిరిగి నెమ్మదించి బయటికి వస్తుంది. అంగడిదాంట్లో ఎక్కువగా తిన్నని చిల్లుల గొట్టం, చుట్టూ గ్లాస్ వూల్ ఉంటుంది. ఆ వూల్ కాలుతూ ఎగిరిపోతూ ఉంటుంది. ఆర్నెల్ల తర్వాత మోత పెరిగిందంటే లోపల ఖాళీ అయిందని అర్థం. మళ్ళీ నింపడానికి విప్పే వీలుందో లేదో కొనేటప్పుడే చూడండి. చివర బిగించే డీబీ కిల్లర్ ఇస్తే దాన్ని తీసి దాచుకోకండి, అది ఉండాల్సింది సైలెన్సర్‌లోనే.

నాలుగోది, ఇనుమూ అమరికా. క్రోమ్ పూత వేసిన మామూలు ఇనుము చవక, కానీ లోపలినుంచి తుప్పు పడుతుంది. 304 రకం స్టెయిన్‌లెస్ స్టీల్ మన వానలకు తట్టుకుంటుంది. టైటానియం తేలిక, ధర మాత్రం పందెగాళ్ళది. ఆక్సిజన్ సెన్సర్ బిగించే చోటు సరిగ్గా ఉందా, బ్రాకెట్ ఒత్తిడి లేకుండా కూర్చుంటోందా, వెనక కూర్చునే అమ్మ కాలికి వేడి తగులుతుందా, చీర రక్షణ గార్డు మళ్ళీ బిగించే వీలుందా, ఇవన్నీ బండి మీద పెట్టి చూశాకే డబ్బులివ్వండి. వేశాక యాక్సిలరేటర్ వదిలినప్పుడు టపటపా పేలుతుంటే చాలామంది సంబరపడతారు. జాయింటులో గాలి లీకవడమో పెట్రోలు పాళ్ళు కుదరకపోవడమో అయి ఉండవచ్చు. పాత కార్బొరేటర్ బండికైతే జెట్, కొత్త బండికైతే ఈసీయూ సరిచేయించాలి. లేకపోతే ఇంజను వేడెక్కుతుంది. తీసిన అసలు సైలెన్సర్‌ను పాత ఇనుముకు వేయకండి. అమ్మేటప్పుడు కావాలి, వారంటీకి కావాలి, పోలీసు ఆపిన మర్నాడు కావాలి.

చివరగా మన సంఘం సంగతి. వచ్చే ఉగాదికి యువకులు బైకు ర్యాలీ పెడదామంటున్నారు. తప్పకుండా పెట్టండి, ముందు వరుసలో నేనూ ఉంటాను. కానీ ఒక్కమాట ఆలోచించండి. మనం ఈ ఊళ్ళకు వచ్చి ఎన్నో తరాలయింది. చుట్టూ తమిళం, కన్నడం మాట్లాడే ఇళ్ళ మధ్య మన భాషను నిలుపుకున్నాం. మన బళ్ళలో తెలుగు ఉండాలని అడిగేటప్పుడు పక్కింటివాడు మనకు అడ్డు చెప్పకపోవడం కూడా ఒక బలమే. ఆ బలం ఒక్కరోజులో రాలేదు. తెలుగు జెండా కట్టిన నలభై బండ్లు బాఫిల్ లేకుండా ఆసుపత్రి వీధిలోంచి వెళ్తే, ఆ వీధివాళ్ళకు మన భాష గురించి గుర్తుండేది ఆ మోతే.

సైలెన్సర్ పని చేసుకుని బతికే మన మెకానిక్కుల మీద నాకు కోపం లేదు. బాఫిల్ గీకి, జాయింటు మార్చి, తుప్పు పట్టిన పైపుకు వెల్డింగు పెట్టి వాళ్ళు రెండు తరాల బండ్లను బతికించారు. వాళ్ళ చేతికి ఆ పనే ఇవ్వండి. మీ నాన్నగారి జావా మూల పడి ఉంటే బయటికి తీసి ఆ రెండు సైలెన్సర్లూ శుభ్రం చేయించి, బాఫిల్‌తో సహా బిగించి ర్యాలీకి తీసుకురండి. దాని గొంతు ఎలా ఉండేదో ఈ కాలం పిల్లలు ఒకసారి వినాలి.

వచ్చే వారం మళ్ళీ చెరువుల దగ్గరికి వెళ్దాం. సెలవు.